మందు లేని సూది: కండ పట్టేసినచోట డ్రై నీడ్లింగ్

కండ పట్టేసి నొప్పి పెట్టేచోట సన్నటి సూది గుచ్చి వదిలించే ఫిజియోథెరపీ పద్ధతి డ్రై నీడ్లింగ్. ఆ పేరు వినగానే చాలామంది ముందు అడిగేది "సూదిలో ఏ మందు ఎక్కిస్తారు?" అని. ఏదీ ఎక్కించరు. ఎక్కిద్దామన్నా కుదరదు, ఈ సూదికి లోపల బోలే ఉండదు. సన్నటి నిండు స్టీలు తీగ అది. ఇంజెక్షన్ సూది గొట్టంలా ఉండి, కొస ఏటవాలుగా చెక్కి ఉంటుంది కాబట్టి కండను కోసుకుంటూ దిగుతుంది. దీని కొస అన్నివైపులా సమంగా సన్నబడుతుంది, అందుకే పోగులను పక్కకు నెట్టుకుంటూ వెళ్తుంది. మందం ఎక్కువగా 0.25 లేదా 0.30 మిల్లీమీటర్లు. మామూలు ఇంజెక్షన్ సూదులు 0.5 నుంచి 0.8 దాకా ఉంటాయి. రక్తపరీక్ష సూదికి విలవిల్లాడేవాళ్లు కూడా ఇది చర్మం దాటడాన్ని చాలాసార్లు గమనించరు. లోపల కండలో జరిగేది వేరే సంగతి, దాని దగ్గరికి వస్తాను.

సూది పొడవు కండరాన్ని బట్టి ఉంటుంది. ముంజేతికీ మెడకీ 25, 30 మిల్లీమీటర్లు, నడుముకు 40, 50, పిరుదులకు 60, 75. ఎంత పొడుగు సూదైనా పిడి దాకా దించకూడదు. విరగడమంటూ జరిగితే పిడి, తీగ కలిసేచోటే విరుగుతుంది. కాస్త తీగ బయట మిగిలితే పట్టుకుని లాగొచ్చు, మిగలకపోతే ఆపరేషనే. 40 మిల్లీమీటర్ల లోతు కావాలంటే చేతిలో 50 సూది ఉండాలన్నమాట.

రెండో ప్రశ్న: "ఇది ఆక్యుపంక్చరే కదా?" సూది ఒకటే, పటం వేరు. ఆక్యుపంక్చర్‌లో శరీరం మీద 14 దారుల వెంట 361 బిందువులు ముందే నిర్ణయమై ఉంటాయి. నాడి, నాలుక చూసి ఏ బిందువులన్నది ఎంచుకుంటారు. డ్రై నీడ్లింగ్‌కు అలాంటి పటం లేదు. ఆ రోజు ఆ మనిషి కండరంలో వేలికి ఏది గట్టిగా తగిలిందో అదే బిందువు. దీని మూలం అమెరికన్ డాక్టర్ జానెట్ ట్రావెల్ పనిలో ఉంది. కెనడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ఆయన వైద్యురాలు ఆవిడే. కండరంలో నొప్పి పుట్టే గడ్డలను గుర్తించి, వాటిలోకి మత్తుమందు ఎక్కించేవారు. 1979లో చెక్ డాక్టర్ కారెల్ లెవిట్ 241 మందిలో 312 చోట్ల మందు లేకుండా సూది మాత్రమే గుచ్చి, దాదాపు 87 శాతం సందర్భాల్లో నొప్పి అక్కడికక్కడే తగ్గిందని ప్రకటించారు. పోల్చిచూడటానికి సూది గుచ్చని మరో గుంపు అందులో లేదు కాబట్టి ఆ అంకెను రుజువుగా పట్టుకోకూడదు. కానీ పని చేస్తున్నది మందా, సూదా అన్న ప్రశ్న మాత్రం అక్కడే గట్టిగా లేచింది.

ఇంతకీ ఆ గడ్డ ఏమిటి? ట్రిగర్ పాయింట్ అంటారు. కండరంలో కొన్ని పోగులు మాత్రమే బిగుసుకుని తాడులా తయారవుతాయి. ఆ తాడు మధ్యలో ఒకచోట నొక్కితే ప్రాణం లేచొస్తుంది. ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది: నరం కండరాన్ని కలిసేచోట, కండను ముడుచుకోమని చెప్పే ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం అవసరానికి మించి కారుతూ ఉంటుంది, పోగు ముడుచుకుపోతుంది. ముడుచుకున్న పోగు తన చుట్టూ ఉన్న సన్న రక్తనాళాలను నొక్కేస్తుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. కండ ముడుచుకోవడానికే కాదు, వదలడానికీ శక్తి కావాలి. ఆ శక్తి అందక పోగు వదల్లేక అలాగే ఉండిపోతుంది. 2005లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో జే షా బృందం అతి సన్నని సూది ద్వారా ఆ చోటి ద్రవాన్ని తీసి చూస్తే, నొప్పి ఉన్న ట్రిగర్ పాయింట్‌లో ఆమ్లత్వం, నొప్పితో ముడిపడిన సబ్‌స్టెన్స్ పి, బ్రాడికినిన్ అనే రసాయనాలు ఎక్కువగా కనిపించాయి. అయితే ఈ సిద్ధాంతం మీద గట్టి అభ్యంతరాలూ ఉన్నాయి. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే పేషెంట్‌ను విడివిడిగా తడిమి చూస్తే, ఇద్దరి వేలూ ఒకే చోట ఆగుతుందన్న భరోసా లేదు. అందుకే నా మటుకు గడ్డ తగిలిందా లేదా అన్నదానికంటే, నొక్కగానే పేషెంట్ "అదే, అదే నా నొప్పి" అన్నారా లేదా అన్నదానికే ఎక్కువ విలువ. ఆ మాట రాకుండా సూది చేతిలోకి తీసుకోను.

ఆ మాట రాబట్టాలంటే నొప్పి ఉన్నచోట వెతికితే చాలదు. భుజం ముందువైపు లోపల ఎక్కడో సలుపు, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం. ఇది చాలాసార్లు వెనక రెక్క ఎముక మీద ఉన్న ఇన్‌ఫ్రాస్పైనాటస్ కండరం నుంచి వస్తుంది. కణతలో నొప్పి మెడ, భుజం మధ్య కండ నుంచి రావచ్చు. మడమ నొప్పి పిక్క లోపలి సోలియస్ నుంచి రావచ్చు. పిరుదు పక్కన లోతుగా ఉండే గ్లూటియస్ మినిమస్ అయితే తొడ పక్కగా చీలమండ దాకా లాగి అచ్చం సయాటికాలా, అంటే నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పిలా, కనిపిస్తుంది. రెక్క ఎముకల మధ్య నొప్పి అని వచ్చేవాళ్ల విషయంలో మరీ జాగ్రత్త. అక్కడ పలచటి కండ, దాని కింద పక్కటెముకలు, ఆ కింద ఊపిరితిత్తి. నిజానికి ఆ నొప్పిలో చాలా భాగం మెడ కీళ్ల నుంచో, మెడ పక్కనుండే స్కేలీన్ కండరాల నుంచో దిగుతుంది. మెడ చూడకుండా వీపులో సూది దించడం రెండు రకాలా తప్పు: నొప్పి పుట్టినచోటు అది కాదు, ప్రమాదం మాత్రం అక్కడే ఉంది.

ఎక్కువగా చేసే కండరం ట్రెపీజియస్ పై భాగం, అంటే సంచి తగిలించుకునే చోటు. దాన్నే దగ్గరగా చూద్దాం. కూర్చోబెట్టి చేయకూడదు, కళ్లు తిరిగితే పడిపోతారు. బోర్లా గానీ, పక్కకు గానీ పడుకోబెట్టాలి. చేతులు కడుక్కుని, చర్మాన్ని 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, అర నిమిషం ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే ఆల్కహాల్ లోపలికి పోయి అనవసరంగా మండుతుంది. ఇప్పుడు బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు, మధ్యవేలు మరోవైపు పెట్టి కండను పైకి ఎత్తి పట్టుకోవాలి. వేళ్ల మధ్య కండను అటూఇటూ దొర్లిస్తే వీణ తీగలా ఒక పోగు జారి తగులుతుంది. దాని వెంట పోతూ ఎక్కడ నొక్కితే నొప్పి కణతకు పాకుతుందో అక్కడ ఆగాలి.

ప్లాస్టిక్ గొట్టంతో సహా సూదిని అక్కడ నిలబెట్టి, పైకి పొడుచుకొచ్చిన పిడి మీద వేలితో ఒక్క దెబ్బ. ఆ దెబ్బకు సూది చర్మం దాటిపోతుంది. గొట్టం తీసేసి, ఎదుటివైపున్న మన వేళ్ల దిశగా నెమ్మదిగా నడపాలి. కిందికి, అంటే ఛాతీ వైపు, ఎప్పుడూ కాదు. సూది కొస మన వేలి దగ్గరికి వస్తోందని తెలుస్తూ ఉండాలి. అదే అసలు భద్రత. పట్టు జారిందా, ముందు సూది వెనక్కి. పట్టు లేకుండా అక్కడ సూది కదపడం ఏ అనుభవానికీ తగదు, ఎందుకంటే ఊపిరితిత్తి కొన కాలర్ ఎముక లోపలి భాగం కంటే 2–3 సెంటీమీటర్లు పైకి వచ్చి ఉంటుంది.

సరైన చోట తగిలితే కండ ఒక్కసారి ఎగిరిపడుతుంది. గాలానికి చేప కొరికినప్పుడు దారం చేతికి తెలిసినట్టు, ఎత్తి పట్టుకున్న వేళ్లకు ఆ అదురు తెలుస్తుంది. దీన్నే ట్విచ్ అంటారు. పేషెంట్ ప్రమేయం లేకుండా, వెన్నుపాము దాకా వెళ్లి తిరిగొచ్చే రిఫ్లెక్స్ ఇది. ఇక్కడ సూదిని పూర్తిగా బయటికి లాగకుండా, చర్మం కిందిదాకా తెచ్చి, కోణం కొద్దిగా మార్చి మళ్లీ దించాలి. శంకువు ఆకారంలో నాలుగైదు దిక్కులు. మొత్తం 20–30 సెకన్లు, ఐదు నుంచి పది దింపులు చాలు. అదురు తగ్గిపోతే ఆపాలి. తగ్గకపోయినా పేషెంట్ చాలంటే ఆపాలి. ట్విచ్ ఎన్ని వస్తే అంత మంచిదన్న నమ్మకంతో నలభై, యాభైసార్లు పొడిచేవాళ్లున్నారు. దానివల్ల మిగిలేది రెండు మూడు రోజుల నొప్పి, మళ్లీ రాకూడదన్న భయం. అసలు ట్విచ్ రాకపోయినా చాలామందికి ఉపశమనం వస్తుంది. అది దొరకలేదని కండను తవ్వనక్కర్లేదు.

సూది లోపల ఉన్నప్పుడు పేషెంట్ నోటి నుంచి వచ్చే మాట కంటే మంచి పరికరం లేదు. ఈ విషయంలో మన భాష మనకు పెద్ద ఆసరా. "సలుపుతోంది", "గుంజుతోంది", "బరువుగా ఉంది" అంటే కండలో ఉన్నాం, కొనసాగించొచ్చు. ఆక్యుపంక్చర్ వాళ్లు దె చి అనేదీ ఈ బరువు, సలుపు, లాగుడే. "చురుక్కుమంది", "మండుతోంది" అంటే కొస చర్మంలోనో, రక్తనాళం గోడకో తగిలి ఉండొచ్చు, కొద్దిగా వెనక్కి లాగి దిశ మార్చాలి. "జివ్వుమంది", "షాక్ కొట్టినట్టు వేళ్లదాకా పాకింది" అంటే నరం, వెంటనే వెనక్కి. అందుకే మొదలుపెట్టే ముందే ఈ మాటల తేడా చెప్పి ఉంచాలి. "నొప్పిగా ఉందా?" అని మాత్రమే అడిగితే మూడింటికీ "ఆ, ఉంది" అనే ఒకే జవాబు వస్తుంది.

అందరికీ ఇంత లోతు అక్కర్లేదు. నొప్పికి చాలా సున్నితంగా ఉన్నవాళ్లకు బ్రిటిష్ డాక్టర్ పీటర్ బాల్డ్రీ చెప్పిన పైపై పద్ధతి ఉంది: ట్రిగర్ పాయింట్ మీద చర్మం కింద 5–10 మిల్లీమీటర్లు మాత్రమే దించి, కాసేపు అలా వదిలేసి, నొక్కి చూడటం. ఊపిరితిత్తి పైన ఉన్న చోట్ల కూడా ఇది మేలు, అయితే సూదిని నిలువుగా కాకుండా బాగా వాల్చి దించాలి. ఆక్యుపంక్చర్ తరహాలో నాలుగైదు సూదులు గుచ్చి 10–20 నిమిషాలు ఉంచేవాళ్లూ, సూదులకు క్లిప్పులు తగిలించి తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు ఇచ్చేవాళ్లూ ఉన్నారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు ఈ కరెంటు పద్ధతి వద్దు.

ఇక తప్పిదాలు. 2014లో ఐర్లండ్ ఫిజియోథెరపిస్టులు 7,629 చికిత్సలను వరసగా నమోదు చేసి చూస్తే, సుమారు 19 శాతంలో చిన్నచిన్న ఇబ్బందులు కనిపించాయి: కమిలిపోవడం 7.55 శాతం, రక్తపు చుక్క 4.65, చేస్తున్నప్పుడు నొప్పి 3.01, తర్వాత నొప్పి 2.19. పెద్ద ప్రమాదం ఒక్కటీ నమోదు కాలేదు. అంటే పెద్ద ప్రమాదం అరుదు. అరుదని లేనట్టు కాదు. అన్నిటికంటే భయపడాల్సింది న్యూమోథొరాక్స్: సూది ఊపిరితిత్తి పొరను తాకి గాలి ఛాతీలోకి చేరడం. సన్నగా ఉన్నవాళ్లలో వీపు చర్మం నుంచి ఆ పొరకు దూరం 1–2 సెంటీమీటర్లే ఉండే చోట్లున్నాయి. లక్షణాలు వెంటనే రావచ్చు, కొన్ని గంటల తర్వాతా రావచ్చు. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో ఒకపక్క పొడిచినట్టు నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు. మెడ, భుజం, వీపు, ఛాతీలో సూది వేయించుకున్న ఎవరికైనా ఆ రోజు రాత్రి ఇలా అనిపిస్తే, పొద్దున చూద్దామనుకోకుండా ఎమర్జెన్సీకి వెళ్లి "ఛాతీ దగ్గర సూది గుచ్చారు" అని స్పష్టంగా చెప్పాలి. ఈ మాట పేషెంట్‌కు ముందే చెప్పి పంపని ఫిజియో తన పని సగమే చేసినట్టు.

ఛాతీ మధ్య ఎముకనూ తేలిగ్గా తీసుకోకూడదు. కొంతమందికి పుట్టుకతోనే ఆ ఎముకలో చిన్న రంధ్రం ఉంటుంది, వెనకే గుండె. ఎముక ఉంది కదా, సూది ఆగుతుందిలే అన్న లెక్క అక్కడ పనికిరాదు. నడుములో 12వ పక్కటెముక దగ్గర కిడ్నీ, పిరుదులో సయాటిక్ నరం, మోకాలి వెనక రక్తనాళాలు. ఒక్కోచోట ఏ దిశలో పోతే ఏం తగులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా అక్కడ సూది పట్టకూడదు.

రోజువారీ ఇబ్బందుల్లో మొదటిది కళ్లు తిరగడం. ముఖం పాలిపోయి, చెమట పట్టి, ఆవలింతలు మొదలైతే సూదులన్నీ తీసేసి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లకు ఇది ఎక్కువ. రెండోది సూది ఇరుక్కోవడం. కండ బిగుసుకుని పట్టేసినా ఇరుక్కుంటుంది, సూదిని ఒకే వైపు తిప్పుతూ పోతే పోగులు దారంలా చుట్టుకుని కూడా ఇరుక్కుంటుంది. బలంగా లాగితే నొప్పి, సూది వంగడం. ఒకట్రెండు నిమిషాలు ఆగి, చుట్టూ మెల్లగా తట్టి, తిప్పినవైపుకు వ్యతిరేకంగా తిప్పి చూడాలి. అప్పటికీ రాకపోతే ఒక అంగుళం పక్కన మరో సూది వేస్తే మొదటిది వదులుతుంది. మూడోది సూది మర్చిపోవడం. వినడానికి విడ్డూరంగా ఉన్నా జరుగుతుంది, ముఖ్యంగా జుట్టులో, బట్ట మడతల్లో. ఎన్ని వేశామో కాగితం మీద రాసి, తీసేటప్పుడు లెక్కపెట్టి, అటునుంచి అటే పదునైన వస్తువుల డబ్బాలో వేయాలి. సూది తీసిన చోట దూదితో అర నిమిషం నుంచి నిమిషం నొక్కితే కమలడం చాలావరకు తగ్గుతుంది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లకు ఇంకా ఎక్కువసేపు నొక్కాలి, లోతైన కండరాలు వదిలేయాలి.

ఆ మందుల సంగతే కాదు, గర్భం, గుండె కవాట జబ్బు, మూర్ఛ, నికెల్ అలర్జీ, రొమ్ములో ఇంప్లాంట్, ఇవన్నీ ముందే చెప్పాలి. క్యాన్సర్ ఆపరేషన్‌లో చంక గ్రంథులు తీసేసిన వైపు చేతికి సూది వద్దు. ఆ చేయి వాచిపోయే, ఇన్ఫెక్షన్ పట్టే అవకాశం ఎక్కువ. సూదంటే వణికిపోయే మనిషిని బతిమాలి ఒప్పించడమూ తప్పే. అదే కండను చేత్తో నొక్కి, వ్యాయామంతో వదిలించే దారులు ఉండనే ఉన్నాయి.

సూది తీసిన తర్వాత కండ ఒకటి రెండు రోజులు, పిడిగుద్దు తిన్నట్టు నొప్పి పెడుతుంది. వేడి కాపడం, మామూలుగా తిరగడం చాలు. అసలైన పని ఇప్పుడే మొదలవుతుంది. సూది ఇచ్చేది కొద్ది రోజుల వెసులుబాటు. నొప్పి తగ్గి, కండ సాగే ఆ రోజుల్లో దానికి బరువు అలవాటు చేయకపోతే పాత తాడు మళ్లీ బిగుసుకుంటుంది. అందుకే ఇంటికి పంపకముందే కదిలించాలి. ట్రెపీజియస్ అయితే చేతులు తలపైకి ఎత్తి పదిసార్లు నెమ్మదిగా భుజాలు ఎగరేయడం. ఇన్‌ఫ్రాస్పైనాటస్ అయితే మోచేయి పక్కటెముకలకు ఆనించి రబ్బరు బ్యాండును బయటికి లాగడం. పిక్క అయితే మునివేళ్ల మీద లేచి మూడు సెకన్లలో దిగడం, పదేసి చొప్పున మూడుసార్లు, రెండో రోజు నొప్పి తగ్గాక ఒంటికాలి మీద. సూది వారానికి ఒకసారి, మొత్తం మూడు నాలుగుసార్లు. మొదటి నొప్పి పూర్తిగా పోకముందే అదే కండలో మళ్లీ గుచ్చకూడదు.

ఎంతవరకు పనిచేస్తుందంటే, కొన్ని వారాల మేరకు నొప్పి తగ్గించడంలో ఉత్తుత్తి సూది కంటే మెరుగన్న ఆధారాలున్నాయి, అవీ అంత బలమైనవి కావు. మిగతా ఫిజియోథెరపీ కంటే మెరుగని చెప్పలేం. జర్మనీలో నడుంనొప్పి మీద 2007లో వెలువడ్డ ఒక పెద్ద అధ్యయనం ఆలోచనలో పడేస్తుంది. 1,162 మందిని మూడు గుంపులు చేశారు. ఆరు నెలలకు నిజమైన ఆక్యుపంక్చర్‌తో 47.6 శాతం మందికి, బిందువులు కానిచోట పైపైన గుచ్చిన సూదితో 44.2 శాతం మందికి మేలు జరిగింది. మందులు, వ్యాయామంతో నడిచిన మామూలు చికిత్సకు 27.4. అంటే మొండి నడుంనొప్పిలో సూది ఏ బిందువులో పడిందన్నది మనం అనుకున్నంత పెద్ద విషయం కాదు. ఎవరో శ్రద్ధగా తాకడం, సమయం ఇవ్వడం, నయమవుతుందన్న ఆశ కూడా వైద్యంలో భాగమే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2016లో నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది. 2021లో వేరే కారణం దొరకని దీర్ఘకాలిక నొప్పికి ఆక్యుపంక్చర్ గానీ, డ్రై నీడ్లింగ్ గానీ ఒక విడత ఇచ్చి చూడొచ్చని, అదీ మొత్తం 5 గంటల వైద్య సమయానికి మించకుండా అని చెప్పింది. ఆ హద్దు నాకు సబబుగా తోస్తుంది. నెలల తరబడి వారం వారం సూది పొడిపించుకుంటున్నారంటే ఎక్కడో అసలు కారణం తప్పిపోయినట్టే.

రెండు మూడుసార్లకు ఏ మార్పూ లేకపోతే నాలుగోసారి కూడా సూదే వేయకుండా మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి. పడుకున్నా వదలని రాత్రి నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, మూత్రం మీద అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, ఇవి ఉంటే మొదటిసారి కూడా సూది కాదు, డాక్టరే. అన్నిటికంటే ఎక్కువ పొరబడేది పిక్క దగ్గర. "కండ పట్టేసింది, సూది వేయండి" అని వచ్చినవాళ్లలో ఒక్కోసారి అది లోతు సిరలో గడ్డకట్టిన రక్తం కావచ్చు. టేపు తీసుకుని, మోకాలి చిప్ప కింద ముందువైపు తగిలే ఎముక బుడిపె నుంచి 10 సెంటీమీటర్లు దిగువన రెండు పిక్కల చుట్టుకొలత చూడండి. నొప్పి ఉన్న కాలు 3 సెంటీమీటర్లు లేదా అంతకుమించి ఎక్కువ ఉంటే, లేదా ఆ కాలు వేడిగా, వాచి, నొక్కినచోట గుంట పడుతుంటే, సూది పొట్లం విప్పకుండా, సిరల్లో రక్తం పారుతోందో లేదో చూసే డాప్లర్ స్కాన్‌కు పంపాలి. తేడా అంతకంటే తక్కువున్నా, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లనూ, చాలా రోజులు మంచం మీదే ఉన్నవాళ్లనూ, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లనూ డాక్టర్ చూశాకే ఆ పిక్క మీద చేయి వేయాలి.